ఫైలు మీద వేసిన వేళ

పోయిన నెల నా దగ్గర పని నేర్చుకున్న ఒకతను ఫోన్ చేశాడు. ఇప్పుడు అతనే ఒక డేటా సెంటర్‌లో పెద్ద బాధ్యత మోస్తున్నాడు. "సార్, రెండు డిస్కుల్లో ఒకే ఫైలు. సైజు ఒకటే, టైమ్ ఒకటే. లోపల మాత్రం ఒక అంకె తేడా. బ్యాకప్ ప్రోగ్రామేమో రెండూ ఒకటేనంటోంది. దేన్ని నమ్మమంటారు?" అని అడిగాడు. "లోపలున్న అంకెను నమ్ము బాబూ" అన్నాను. తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు, "ఇవన్నీ ఒకచోట రాసిపెట్టండి సార్, మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

ముప్పై రెండేళ్లు సర్వర్ల మధ్య గడిపి రిటైరయ్యాను. ఫైలు పక్కన కనిపించే తేదీని, వేళను నేనూ చాలాకాలం శిలాశాసనంలాగే నమ్మాను. ఆ నమ్మకం ఒక్కరోజులో పోలేదు. ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెంగా పోయింది. ఆ దెబ్బల లెక్కే ఇది. వరస నాకు గుర్తొచ్చిన వరసే.

1. ఏ పాత్రతో కొలిచారో ముందు తెలుసుకోవాలి

1993లో మాకు ఫీల్డ్ ఆఫీసుల నుంచి డేటా ఫ్లాపీల్లో వచ్చేది. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవారు. ఒకే పేరుతో రెండు మూడు ఫ్లాపీలు వస్తే ఏది కొత్తదో తేల్చడం నా పని. డాస్‌లో డైర్ కమాండ్ నిమిషాల వరకే చూపించేది. సెకన్లు కూడా చూద్దామని టర్బో సీలో చిన్న ప్రోగ్రాం రాశాను. వందల ఫైళ్లు చదివి వేళలు అచ్చువేసింది. ఆ కాగితం చూస్తే ఒక సంగతి వింతగా తోచింది. ఏ ఫైలుకీ సెకన్ల అంకె 29 దాటలేదు. అరవై సెకన్ల నిమిషంలో రెండో సగంలో ఎవరూ ఫైలు సేవ్ చేయరా?

పుస్తకం తిరగేస్తే విషయం తెలిసింది. ఫ్లాపీల్లో వాడే ఫ్యాట్ పద్ధతిలో వేళకు ఇచ్చిన చోటు మొత్తం 16 బిట్లు. గంటకు 5, నిమిషానికి 6 పోగా సెకన్లకు మిగిలినవి 5 బిట్లే. అయిదు బిట్లలో 32 అంకెలే పడతాయి, అరవై పట్టవు. అందుకని సెకన్లను రెండేసి చొప్పున లెక్కపెట్టారు. నేను చూసిన 29 నిజానికి 58వ సెకను. నా ప్రోగ్రాం రెండుతో గుణించాలి, గుణించలేదు.

కుంచంతో కొలిచేవాడికి గిద్దెడు తేడా కనిపించదు. రెండు సెకన్ల కుంచంతో కొలిచిన వేళను పట్టుకుని, రెండు ఫ్లాపీల్లో ఏది ఒక సెకను ముందుదో తేల్చాలనుకోవడం నా పొరపాటు. ఈ ఫ్యాట్ పోయిందనుకోకండి. మీ జేబులోని పెన్‌డ్రైవ్‌లో, కెమెరా కార్డులో చాలావరకు ఇప్పటికీ దాని వారసులే ఉన్నాయి. ఫ్యాట్‌లో ఫైలు మార్చిన వేళకు రెండు సెకన్ల కొలత. చివరిసారి చదివిన వేళకైతే తేదీ ఒక్కటే ఉంటుంది, గంటా నిమిషమూ ఉండవు.

2. చోటు తక్కువైనచోట సూక్ష్మత గానీ ఆయుష్షు గానీ తగ్గుతుంది

ఈ ఇరుకు ఒక్క డాస్‌దే కాదు. 1971లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పుడు అందులో కాలాన్ని సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టారు, 1971 జనవరి 1 నుంచి. లెక్క మంచి సూక్ష్మమైనదే. కానీ 32 బిట్ల పెట్టెలో ఆ లెక్క దాదాపు 828 రోజులకే నిండిపోతుంది. చివరికి సూక్ష్మతను వదులుకుని పూర్తి సెకన్లకు, 1970 జనవరి 1 అనే మొదలుకు వచ్చి స్థిరపడ్డారు. సెకనుకన్నా చిన్నదాన్ని త్యాగం చేసి దశాబ్దాల ఆయుష్షు కొనుక్కున్నారు. ఆ ఆయుష్షు కూడా 2038 జనవరి 19తో తీరుతుంది. మన గడియారాల్లో అప్పుడు ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు.

తర్వాతి కథ నాకు మరీ ఇష్టం. లినక్స్‌లో ఎక్స్ట్3 దాకా ఫైలు వేళ పూర్తి సెకన్లలోనే ఉండేది. ఎక్స్ట్4 వచ్చినప్పుడు, ఫైలు వివరాలు ఉండే ఐనోడ్‌లో కొత్తగా 32 బిట్ల అదనపు గది కట్టారు. సెకనులో వంద కోట్ల నానోసెకన్లు. వంద కోట్లు పట్టడానికి 30 బిట్లు చాలు. మిగిలిన రెండు బిట్లను పారేయకుండా సెకన్ల లెక్కకు కలిపి, 2038 గడువును 2446 దాకా జరిపారు. పొదుపు తెలిసిన ఇల్లాలు మిగిలిన గుడ్డముక్కతో జేబు కుట్టినట్టు ఉంటుంది నాకు ఆ పని.

అయితే ఆ అదనపు గది 256 బైట్ల ఐనోడ్ ఉన్నప్పుడే. పాత ఎక్స్ట్3 డిస్కును 128 బైట్ల ఐనోడ్‌తోనే ఎక్స్ట్4గా మార్చి వాడుకుంటున్నవారిని నేను చాలామందిని చూశాను. పేరు కొత్తదే అయినా వేళ మాత్రం పూర్తి సెకన్లలోనే పడుతుంది. మీ డిస్కు అలాంటిదేమో ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి ఐనోడ్ సైజు చూసుకోండి.

విండోస్ ఎన్టీఎఫ్‌ఎస్ 1601 జనవరి 1 నుంచి వంద నానోసెకన్ల చొప్పున లెక్కపెడుతుంది. యాపిల్‌వారి పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ 1904 నుంచి పూర్తి సెకన్లలో లెక్కపెట్టేది, 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ నానోసెకన్లలో పెడుతుంది. మన పంచాంగాల్లో తిథి ముగిసే వేళను ఒకరు ఘడియ విఘడియల్లో రాస్తారు, ఒకరు గంటా నిమిషాల్లో రాస్తారు. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు చివర్లో కొంత జారిపోవడం తప్పదు. ఫైళ్లు ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు వెళ్లేటప్పుడు జరిగేదీ ఇదే.

3. ఎల్‌ఎస్ చూపించేది ఉన్నదంతా కాదు

ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడితే నిమిషాల దాకా కనిపిస్తుంది. ఆరు నెలలు దాటిన ఫైలుకైతే గంటా నిమిషమూ తీసేసి సంవత్సరం చూపిస్తుంది. అది మనిషి కంటికి సులువుగా ఉండాలని చేసిన ఏర్పాటు. దాన్ని స్క్రిప్టులో కోసి, తేదీ ముక్కలు ఏరి, పోలికకు వాడకండి. పూర్తి వేళ కావాలంటే ఎల్‌ఎస్‌కు ఫుల్‌టైమ్ ఆప్షన్ ఇవ్వండి, లేదా స్టాట్ కొట్టండి. సెకను తర్వాత తొమ్మిది అంకెలు కనిపిస్తాయి. ఆ తొమ్మిదీ సున్నాలే అయితే అది యాదృచ్ఛికం కాదు. ఎక్కడో ఎవరో కత్తిరించారని అర్థం.

4. ఒకే సెకనులో రెండు పనులు జరుగుతాయి

ఇది నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి. ఏ ఆఫీసో ఇక్కడ అనవసరం. బిల్లుల పని. రేట్ల ఫైలు చాలా చిన్నది, నాలుగు వందల బైట్లు ఉంటుందేమో. రేటు మారిన రోజు రాత్రి ఒక స్క్రిప్ట్ దాన్ని తయారు చేసి, బిల్లులు అచ్చువేసే రెండో డిస్కులోకి ఆర్‌సింక్‌తో పంపేది. ఒకరోజు సర్‌ఛార్జీ 35 పైసల నుంచి 53 పైసలకు మారింది. స్క్రిప్టులో ఎవరో మధ్యలో ఒక అడుగు చేర్చారు. ముందు పాత నమూనా నుంచి ఫైలు తయారవుతుంది, ఆర్‌సింక్ నడుస్తుంది. వెంటనే సెడ్ వచ్చి 35ను 53గా మారుస్తుంది, మళ్లీ ఆర్‌సింక్ నడుస్తుంది. చదివితే తప్పేమీ కనిపించదు. రెండోసారి పంపాంగా, కొత్తదే వెళ్లాలి.

వెళ్లలేదు. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు తెరిచి చూడదు. సైజు చూస్తుంది, మార్చిన వేళ చూస్తుంది. రెండూ కలిస్తే "ఇది అదే" అనుకుని దాటిపోతుంది. 35, 53 రెండూ రెండేసి అక్షరాలే, కనుక సైజు మారలేదు. ఈ నాలుగు అడుగులూ ఒకే సెకనులో పూర్తయ్యాయి. అప్పటి డిస్కు ఎక్స్ట్3, వేళ పూర్తి సెకన్లలోనే పడేది. కనుక వేళా మారలేదు. మొదటి రోజు తప్పినా మర్నాడు సర్దుకుంటుందని మీరు అనుకోవచ్చు. అదీ జరగలేదు. తర్వాతి రోజుల్లో ఫైలును ఎవరూ ముట్టుకోలేదు. ప్రతి రాత్రీ ఆర్‌సింక్ వచ్చింది, సైజూ వేళా కలిశాయని చూసుకుని వెళ్లిపోయింది. ఆ తేడా అలాగే ఉండిపోయింది, ఎన్నేళ్లయినా ఉండిపోయేదే.

మూడు రోజులు పాత రేటుతో బిల్లులు వెళ్లాయి. నాలుగో రోజు సవరణ బిల్లులు పంపాల్సి వచ్చింది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి రోజంతా జనం చేత మాటలు పడింది. తప్పు ఆమెది కాదు. సర్వర్ లాగుల్లో ఎక్కడా ఎర్రర్ లేదు. ఎల్‌ఎస్ కొట్టి రెండు ఫైళ్ల వేళలు ఒకటేనని నేనే పై అధికారికి ధైర్యం చెప్పాను. సాయంత్రం ఎండీ5సమ్ కొట్టాక గానీ రెండూ వేర్వేరని తేలలేదు.

ఆ రాత్రి స్క్రిప్ట్ మార్చాను. ఫైలును వేరే పేరుతో పూర్తిగా తయారుచేసి, అన్ని దిద్దుబాట్లూ అయ్యాక అసలు పేరుకు మార్చి, ఒకే ఒక్కసారి పంపే పద్ధతి పెట్టాను. ఆ ఒక్క డైరెక్టరీకి ఆర్‌సింక్‌లో మైనస్ సీ చేర్చాను. మైనస్ సీ ఇస్తే లోపలి సరుకు చదివి పోలుస్తుంది. లక్షల ఫైళ్లకు అది బరువే. పది చిన్న ఫైళ్లకు బరువు కాదు.

ఇప్పుడు నానోసెకన్లు వచ్చాయి కదా, ఈ భయం ఎందుకంటారేమో. ఆర్‌సింక్ ఈనాటికీ, మనం చెప్పకపోతే, పూర్తి సెకన్ల వరకే పోలుస్తుంది. మాడిఫై విండో ఆప్షన్‌కు మైనస్ ఒకటి ఇచ్చినప్పుడే నానోసెకన్లు చూస్తుంది, అదీ అవతల 3.1.3 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటేనే. డిస్కు ఎంత సూక్ష్మంగా రాసినా పోల్చేవాడు కుంచంతోనే కొలుస్తున్నాడు.

గిట్ తయారుచేసినవారు ఈ ఇబ్బందిని ముందే ఊహించారు. అది కూడా వేగం కోసం ఫైలు వేళనే చూస్తుంది. కానీ ఒక ఫైలు వేళ, తన ఇండెక్స్ రాసిన వేళతో సమానంగా గానీ దానికన్నా తర్వాత గానీ ఉంటే, ఆ వేళను నమ్మదు, ఫైలు తెరిచి చదువుతుంది. సందేహం ఉన్నచోట మాత్రమే కష్టపడుతుంది. మీరు సొంతంగా స్క్రిప్టులు రాసేటప్పుడు ఈ పద్ధతి నేర్చుకోండి.

5. "వేళ చెడకుండా కాపీ" అన్నా కొంత చెడుతుంది

సీపీ మైనస్ పీ కొడితే వేళ కూడా కాపీ అవుతుందని అందరికీ తెలుసు. ఎంతవరకు అవుతుందో తక్కువమందికి తెలుసు. ఫైలు వేళ మార్చడానికి మొదట ఉన్న సిస్టమ్ కాల్ యూటైమ్. దానికి సెకన్లే తెలుసు. తర్వాత యూటైమ్స్ వచ్చింది, మైక్రోసెకన్ల దాకా వెళ్లింది. నానోసెకన్లు పెట్టగలిగిన యూటైమెన్సాట్ లినక్స్ 2.6.22లో గానీ రాలేదు. అంటే, నానోసెకన్లు చదవగలిగినా తిరిగి రాయలేని కాలం ఒకటి నడిచింది. ఆ కాలపు సీపీ చేసిన కాపీలో చివరి మూడు అంకెలు సున్నాలు. కాపీ అసలుకన్నా ఇసుమంత పాతదిగా కనిపిస్తుంది.

దాని ఫలితం మేక్‌లో చూశాం. మేక్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు. అసలు ఫైలు కాపీకన్నా కొత్తదైతే మళ్లీ పని చేయాలి, లేకపోతే వద్దు. దాని ఆలోచన మొత్తం ఆ ఒక్క పోలిక మీదే నిలబడింది. మేం ఎక్స్ట్4 సర్వర్‌కు మారాక కూడా కాపీలు పాత ఎక్స్ట్3 డిస్కు మీదే ఉండేవి. సీపీ మైనస్ పీ చేసిన ప్రతి కాపీలో సెకను తర్వాతి భాగం తెగిపోయేది. గ్నూ మేక్ నానోసెకన్ల దాకా చూస్తుంది కనుక ప్రతి రాత్రీ దాని కంటికి కాపీలన్నీ పాతవే. వేల ఫైళ్లు మళ్లీ మళ్లీ కాపీ అయ్యేవి. డిస్కు వేడెక్కేది. దానికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఏ రాత్రి నిజంగా ఏ ఫైలు మారిందో లాగు చూసి చెప్పే వీలు పోయింది. అన్నీ మారినట్టే ఉంటే మారినదాన్ని ఎలా గుర్తుపడతాం?

గ్నూ మేక్‌లో దీనికి లో రిజొల్యూషన్ టైమ్ అనే ప్రత్యేక టార్గెట్ ఉంది. సీపీ మైనస్ పీ లాంటి కమాండ్లతో తయారయ్యే ఫైళ్లను దాని కింద రాస్తే, వాటి విషయంలో సెకను తర్వాతి ముక్కను పట్టించుకోదు. గ్నూ సీపీలో కూడా మైనస్ పీ, మైనస్ యూ కలిపి ఇస్తే, అసలు వేళను అవతలి డిస్కు పట్టగలిగినంతకు కుదించి పోలుస్తుంది. ఇదే పనిని సొంత షెల్ స్క్రిప్టులో "ఇది దానికన్నా కొత్తదా" అని ఉత్త పోలికతో చేసేవారు మాత్రం మా మేక్ చేసిన పనే చేస్తారు.

6. తొమ్మిది అంకెలున్నాయని తొమ్మిదీ నిజం అనుకోకండి

ఒక పరీక్ష చేసి చూడండి. మంచి ఎక్స్ట్4 డిస్కు మీద ఒకే టచ్ కమాండుతో మూడు ఖాళీ ఫైళ్లు పుట్టించి స్టాట్ కొట్టండి. చాలాసార్లు మూడింటికీ తొమ్మిది అంకెలూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంటాయి. మూడు ఫైళ్లు ఒకే నానోసెకనులో పుట్టవు. కర్నెల్ ఫైలు మీద వేళ వేసేటప్పుడు ప్రతిసారీ అసలు గడియారం దగ్గరకు వెళ్లదు. పోయిన టిక్కులో రాసిపెట్టుకున్న వేళనే వేసేస్తుంది, వేగం కోసం. ఆ టిక్కు సెకనుకు 250 సార్లు అయితే నాలుగు మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. వంద సార్లు అయితే పది మిల్లీసెకన్లకు. నాలుగు మిల్లీసెకన్లంటే నలభై లక్షల నానోసెకన్లు. ఆ లోపల జరిగిన రెండు మార్పుల మధ్య వేళ తేడా చూపదు.

2025 జనవరిలో వచ్చిన లినక్స్ 6.13లో దీనికి కొంత మందు వేశారు. ఎవరైనా ఫైలు వేళను అడిగి చూసిన తర్వాత ఆ ఫైలు మళ్లీ మారితే, అప్పుడు సూక్ష్మమైన వేళ వేస్తుంది. ఎవరూ చూడకపోతే పాత పద్ధతే. అడిగినవాడికే తేడా కావాలి కనుక ఇది తెలివైన ఏర్పాటు అని నా అభిప్రాయం. ముఖ్యంగా నెట్‌వర్క్ డిస్కులు వాడేవారికి మేలు.

ఇంకో చిక్కు మన ప్రోగ్రాముల్లో ఉంది. ఇవాళ్టి వేళను నానోసెకన్లతో రాస్తే సెకన్లకు పది అంకెలు, ఆపైన తొమ్మిది, మొత్తం పంతొమ్మిది. మామూలు దశాంశ సంఖ్యలో నమ్మదగినవి పదిహేను, పదహారు అంకెలే. పైథాన్‌లో ఎస్టీ ఎంటైమ్ అని అడిగితే దశాంశ సంఖ్యే ఇస్తుంది, చివరి అంకెలు తప్పుతాయి. అందుకే పైథాన్ 3.3లో నానోసెకన్లను పూర్ణసంఖ్యగా ఇచ్చే ఎస్టీ ఎంటైమ్ ఎన్ఎస్ చేర్చారు. ఫైలు వేళను చదివి తిరిగి రాసే ప్రోగ్రాం మీరు రాస్తుంటే రెండోదే వాడండి.

7. ఫైండ్ లెక్కలో ఒకటి కన్నా ఎక్కువంటే రెండు

ఒక కుర్రాడు పాత లాగులు తుడిచే క్రాన్ జాబ్ రాశాడు. ఫైండ్‌లో ఎంటైమ్ ప్లస్ ఒకటి అని పెట్టాడు. ఇరవై నాలుగు గంటలు దాటినవి పోతాయని అతని ఉద్దేశం. డిస్కులో ఒక రోజు లాగులకే చోటుంది. మర్నాడు తెల్లవారేసరికి డిస్కు నిండి సర్వీసు ఆగింది. ఫైండ్ వయసును 24 గంటల కుంచాలతో కొలుస్తుంది. నిండిన కుంచాలే లెక్క, మిగిలింది లెక్కలోకి రాదు. నలభై ఏడు గంటల ఫైలు దాని లెక్కలో ఒకటే. ఒకటికన్నా ఎక్కువ కావాలంటే రెండు నిండాలి, అంటే 48 గంటలు. పైగా ఆ లెక్క ఫైండ్ మొదలైన క్షణం నుంచి వెనక్కి నడుస్తుంది, అర్ధరాత్రి నుంచి కాదు.

నేను పాటించే పద్ధతి ఇది. టచ్ మైనస్ డీతో నాకు కావలసిన వేళ వేసిన ఒక గుర్తు ఫైలు చేసుకుంటాను. ఫైండ్‌తో "ఈ గుర్తుకన్నా కొత్తవి కానివి" అని అడుగుతాను. ముందు జాబితా అచ్చు వేయించి కళ్లతో చూస్తాను. తుడిచే ఆప్షన్ ఆ తర్వాతే చేరుస్తాను.

8. అయిదున్నర గంటల తేడా కనిపిస్తే భయపడొద్దు, కారణం వెతకండి

యూనిక్స్ వేళ ప్రపంచమంతా ఒకటే, చూపించేటప్పుడు ఊరిని బట్టి మారుతుంది. ఫ్యాట్‌లో అలా కాదు. అక్కడ రాసింది స్థానిక వేళ, ఏ ఊరిదో రాసి ఉండదు. హైదరాబాద్‌లో ఉదయం పదింటికి పెన్‌డ్రైవ్‌లో రాసిన ఫైలును యూటీసీ అనుకుని చదివిన సర్వర్‌కు అది మన మధ్యాహ్నం మూడున్నర అవుతుంది. ఫైలు భవిష్యత్తులో పుట్టినట్టు ఉంటుంది. మేక్ అయితే ఆ మాట చెప్పి హెచ్చరిస్తుంది కూడా. మౌంట్ చేసేటప్పుడే టైమ్ జోన్ సంగతి చూసుకోవాలి.

ఒక ఫైలు వేళ 1970 జనవరి 1 ఉదయం 5 గంటల 30 నిమిషాలని కనిపిస్తే, వేళ అసలు రాయలేదని, సున్నా పడిందని మన దేశంలో అర్థం. ఆ అయిదున్నరను చూడగానే గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరుగుతుంది. జరిగిన మర్నాడు అతని పెన్‌డ్రైవ్ ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోని అసలు ఫైళ్లతో గంట తేడా చూపి, మొత్తం మళ్లీ కాపీ అయ్యేవి. విండోస్ రోబోకాపీలో ఇందుకోసమే డీఎస్టీ అనే ఆప్షన్ ఉంది, రెండు సెకన్ల తేడా ఓర్చుకోవడానికి ఎఫ్‌ఎఫ్‌టీ ఉంది. రెండూ కలిపి ఇచ్చాక కుదుటపడ్డాయి.

9. రెండు యంత్రాలు, రెండు గడియారాలు

నెట్‌వర్క్ డిస్కు మీద ఫైలు రాస్తే వేళ వేసేది మామూలుగా సర్వర్. మీరు డేట్ కొట్టి చూసేది మీ యంత్రంలో. రెంటి మధ్య మూడు సెకన్ల తేడా ఉంటే నానోసెకన్ల మాట ఎత్తడమే అనవసరం. క్రోనీ గానీ మరో ఎన్టీపీ గానీ నడుస్తోందా లేదా ముందు చూడండి.

10. మూటగట్టినప్పుడు ఏం మిగులుతుంది

పాత యూస్టార్ పద్ధతి టార్‌లో వేళకు పదకొండు అష్టాంశ అంకెలే ఉంటాయి, అవీ పూర్తి సెకన్లు. సెకను భాగం కూడా కావాలంటే టార్‌కు ఫార్మాట్ పోసిక్స్ అని చెప్పాలి. జిప్‌లో అసలు వేళ డాస్‌దే, రెండు సెకన్ల కొలతే. యూనిక్స్ జిప్ పక్కన అదనపు గదిలో పూర్తి సెకను రాస్తుంది గానీ, విప్పేవాడు ఆ గది చూడకపోతే మళ్లీ సరిసంఖ్య సెకన్లే. బ్యాకప్ నుంచి విప్పిన ఫైళ్లను అసలు ఫైళ్లతో వేళ చూసి పోల్చవద్దని నేను గట్టిగా చెబుతాను.

11. సీటైమ్‌ను సాక్షిగా పిలవండి

సీ అంటే క్రియేషన్ అనుకుని ఎన్నో నివేదికలు తప్పు రాశారు. అది ఛేంజ్. ఫైలు పేరు, హక్కులు, సరుకు, ఏది కదిలినా మారుతుంది. టచ్‌తో ఎంటైమ్‌ను, అంటే ఫైలు మార్చిన వేళను, ఎవరైనా ఎలాగైనా దిద్దవచ్చు. సీటైమ్‌ను టచ్ దిద్దలేదు. పైగా టచ్ చేసిన క్షణమే సీటైమ్‌లో పడుతుంది. ఎంటైమ్ పోయిన ఏడాదిదై, సెకను తర్వాత తొమ్మిది సున్నాలుండి, సీటైమ్ నిన్న రాత్రిదైతే, నిన్న రాత్రి ఆ ఫైలును ఎవరు ముట్టుకున్నారో అడగాలి. అది మంచి బుద్ధితో చేసిన కాపీయే కావచ్చు. అయినా అడగాలి. ఫైలు నిజంగా పుట్టిన వేళ కావాలంటే లినక్స్ 4.11 నుంచి స్టాట్ఎక్స్ ఉంది, కొత్త స్టాట్ కమాండ్ దాన్ని బర్త్ అని చూపిస్తుంది.

నాకు ఫోన్ చేసిన అతనికి ఆ రోజు ఒక పని చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. మీ బ్యాకప్ డిస్కు మీద ఒక ఫైలు టచ్ చేయండి. డిస్కును అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయండి. మౌంట్‌లో ఉండగా చూస్తే కొన్ని కర్నెళ్లలో మెమరీలోని వేళే కనిపిస్తుంది, డిస్కు మీదిది కనిపించదు. ఇప్పుడు స్టాట్ కొట్టి ఎన్ని అంకెలు మిగిలాయో ఒక కాగితం మీద రాసి సర్వర్ తలుపుకు అంటించండి. తర్వాత మీ దగ్గర ముఖ్యమైన పది ఫైళ్లు ఎంచుకుని, అసలుకూ బ్యాకప్‌కూ ఎస్‌హెచ్‌ఏ256సమ్ కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి. మొత్తం పదిహేను నిమిషాలు పడుతుంది. అతను చూసిన పదిలో రెండు కలవలేదు.